కొన్న ఆట పూర్తిచేయడం ఎవరి వల్లా కాదు: డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: మీ హిడెన్ ఆబ్జెక్ట్ సాహస ఆట కలెక్టర్స్ ఎడిషన్ ఐదో అధ్యాయంలో ఆగిపోవడం, ఇతర లోపాలు, సొమ్ము వాపసు గురించి.

అయ్యా,

నమస్కారం. మీ వెబ్‌సైట్‌లో తెలుగులో కూడా రాయవచ్చని ఉంది కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. గడియార స్తంభం ఉన్న పాత బంగళా, అందులో తప్పిపోయిన పాప, ఆ పాపను వెతుక్కుంటూ వచ్చిన డిటెక్టివ్: నేను కొన్నది ఆ ఆట. గదుల్లో దాచిన వస్తువులను వెతికి, తాళాలు విప్పుతూ ముందుకు సాగాలి. అందులోనూ బోనస్ అధ్యాయంతో ఎక్కువ ధరకు అమ్మే కలెక్టర్స్ ఎడిషన్ కొన్నాను. రశీదు, తెరచిత్రాలు ఈ లేఖతో జతచేశాను.

ఆ ఆటను ఎక్స్‌పర్ట్ స్థాయిలో పూర్తిచేయడం ఎవరి వల్లా కాదు. ఈ సంగతి మీ కస్టమర్ కేర్‌కు ఇదివరకే రాశాను. కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేయమన్నారు. గ్రాఫిక్స్ డ్రైవరు అప్‌డేట్ చేయమన్నారు. చివరికి "దృశ్యాన్ని కాస్త ఓపికగా పరిశీలించండి" అని సలహా ఇచ్చారు. నేను ప్రూఫ్ రీడర్‌ని. ఎక్కడ ఒత్తు జారిందో, ఎక్కడ పొల్లు ఎగిరిందో పొద్దస్తమానం వెతికి జీతం తీసుకునేదాన్ని. ఓపిగ్గా చూడమని నాకు చెప్పక్కర్లేదు.

ముందు గడియారం సంగతి చూడండి. ఐదో అధ్యాయంలో స్తంభం పై అంతస్తు తలుపుకు ఒక పలకల తాళం పెట్టారు. నాలుగు వరసల్లో 16 గడులు, 15 పలకలు, ఒక ఖాళీ. పలకల మీద 1 నుంచి 15 దాకా రోమన్ అంకెలు. ఒక్కో పలకనూ ఖాళీలోకి జరుపుకుంటూ అన్నీ వరసలో పెట్టాలి, ఖాళీ కుడివైపు కింది మూలకు చేరాలి. 13 దాకా చక్కగా కుదిరాయి. చివరి 14, 15 మాత్రం తారుమారుగా నిలబడ్డాయి. వాటిని సరిచేస్తే ఇంకెక్కడో మరో రెండు తారుమారవుతున్నాయి.

ఇది కొత్తగా పుట్టిన చిక్కేమీ కాదు. 1880లో ఈ 15 పలకల ఆట అమెరికాను ఒక ఊపు ఊపింది. 14, 15 తారుమారైన అమరికను సరిచేయలేమని 1879 నాటి అమెరికన్ జర్నల్ ఆఫ్ మాథమాటిక్స్‌లోనే నిరూపించి అచ్చువేశారు. కారణం బడిపిల్లలకు కూడా అర్థమవుతుంది. గడులకు చదరంగం బల్ల మీదలా నలుపు, తెలుపు వేసుకోండి. పలక జరపడమంటే అది ఖాళీతో చోటు మార్చుకోవడమే, అలా జరిపిన ప్రతిసారీ ఖాళీ ఒక రంగు నుంచి ఇంకో రంగుకు పోతుంది. అది బయల్దేరిన మూలకే తిరిగి రావాలంటే జరుపులు సరిసంఖ్యలో ఉండాలి. మిగతావన్నీ ఎక్కడివక్కడ ఉండి రెండు పలకలు మాత్రమే చోట్లు మార్చుకోవాలంటే అలాంటి మార్పిళ్ళు బేసిసంఖ్యలో ఉండాలి. ఈ రెండూ ఒకేసారి జరిగేవి కావు. పలకలను ఇష్టమొచ్చినట్టు కలిపేస్తే వచ్చే అమరికల్లో సరిగ్గా సగం ఇలాంటివే. అందుకే ఈ ఆట తయారుచేసేవాళ్ళు సరైన వరస నుంచి మొదలుపెట్టి, పలకలను ఒక్కొక్కటిగా వెనక్కి జరుపుతూ కలుపుతారు. మీవాళ్ళు పేకముక్కల్లా కలిపేసి ఊరుకున్నట్టున్నారు.

సులువు స్థాయిలో అయితే స్కిప్ బటన్ ఉంది, నొక్కి దాటేయవచ్చు. ఎక్స్‌పర్ట్ స్థాయిలో అది లేదు. రీసెట్ నొక్కితే మళ్ళీ అదే అమరిక వస్తోంది. మధ్యలో స్థాయి మార్చుకునే వీలు లేదు. అంటే సులువు స్థాయిలో మొదటి అధ్యాయం నుంచి ఆడుకుంటూ రావాలి, లేదా ఆటకు దండం పెట్టాలి.

డబ్బు వాపసు అడిగితే, రెండు గంటలకు మించి ఆడారు కాబట్టి నిబంధనలు ఒప్పుకోవన్నారు. ఐదో అధ్యాయంలో ఉన్న లోపం మొదటి రెండు గంటల్లో ఎవరికి కనపడుతుందండీ? తొందరగా ఆడనందుకు నాకు జరిమానానా? తీరుబడిగా ఆడుకోమని ప్రకటనలో రాసింది మీరే.

ఈ ఆటలంటే గిట్టక రాస్తున్నాననుకోకండి. సియాటిల్‌లోని బిగ్ ఫిష్ గేమ్స్ 2005లో మిస్టరీ కేస్ ఫైల్స్: హంట్స్‌విల్ తెచ్చింది. చిందరవందర గది, పక్కన జాబితా, వెతికి నొక్కడం: అప్పట్లో ఆట అంతే. 2008లో రిటర్న్ టు రేవెన్‌హర్స్ట్ వచ్చేసరికి గదుల మధ్య తిరగడం, దొరికిన సామాను దాచుకోవడం, వింత తాళాలు విప్పడం అన్నీ చేరాయి. గంటసేపు ఊరికే ఆడి చూసి, నచ్చితేనే కొనుక్కునే పద్ధతి ఉండేది. ఇలాంటి ఆటల్లో వేళ్ళ చురుకుతో పనిలేదు. తుపాకులు లేవు, ఎవరో వెనక నుంచి కాల్చేస్తారన్న భయం లేదు. పొయ్యి మీద పాలు పొంగితే లేచి వెళ్ళి రావచ్చు, ఆట అక్కడే ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఒక తెర ముందు ఇద్దరు కూర్చోవచ్చు. కుర్రాళ్ళ పెద్ద ఆటల్లో ఈ సుఖం చాలావాటికి లేదు.

మా ఇంట్లో ఆ రెండో మనిషి మా అత్తయ్య. ఆవిడకు ఇంగ్లిషు రాదు. జాబితా నేను చదువుతాను, ఆవిడ వెతుకుతారు. మీదే పాత ఆట ఒకదానిలో సంగీతం గది ఉంది. అందులో వేణువు దొరకలేదు. పియానో మీద, పరదాల మడతల్లో, పుస్తకాల వరసలో, అంతా గాలించాను. అత్తయ్య కళ్ళజోడు సవరించుకుని, "అమ్మాయ్, ఆ కుర్చీ చూడు. మూడు కాళ్ళకు నగిషీ ఉంది, నాలుగో కాలికి చిల్లులున్నాయేంటే?" అన్నారు. వేణువును కుర్చీ కాలుగా నిలబెట్టాడు ఆ బొమ్మ వేసినాయన! చెక్క రంగు అదే, పొడుగు అదే, నీడ కూడా సరిగ్గా పడింది. కళ్ళెదుటే ఉంది, దాపరికం ఏమీ లేదు. ఆ బొమ్మ వేసినాయన ఇంకా మీ దగ్గర పనిచేస్తుంటే నా నమస్కారం చెప్పండి.

ఇప్పుడు కొత్త ఆటలో నేలమాళిగ చూడండి. జాబితాలో తాళంచెవి అని ఉంది. అది గోధుమరంగు పీపా మీద గోధుమరంగులో, సగం పారదర్శకంగా, చీమ తలకాయంత ఉంది. చీకటి గది, దానిమీద పొగ కదులుతూ ఉంటుంది. పక్కనే ఒక సాలెపురుగు అటూ ఇటూ తిరుగుతుంది. దొరక్క, వస్తువు ఎక్కడుందో మెరుపుతో చూపించే హింట్ బటన్ నొక్కాం. మెరుపు చుట్టూ తిరిగి పీపా మీద వాలింది. "ఏదీ? ఎక్కడుందీ?" అన్నారు అత్తయ్య. నాకూ కనపడలేదు. మెరుపు ఆరిపోయాక అక్కడ నొక్కితే టిక్కు పడింది కాబట్టి ఉందని నమ్మాం.

దాచినది న్యాయంగా దాచారో లేదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన పరీక్ష ఇదొక్కటే. హింట్ చూపించాక "అయ్యో, ఎదురుగానే ఉందే!" అని నవ్వు రావాలి. చూపించాక కూడా కనపడకపోతే దాన్ని దాచడం అనరు. దీపం తగ్గించి, వస్తువును కుంచింపజేసి, రంగు పలుచన చేసి కష్టం పెంచామనుకుంటున్నారు మీవాళ్ళు. దానివల్ల పెరిగేది కంటినొప్పి. పైగా నాలుగుసార్లు తప్పు నొక్కితే కర్సరు బిగుసుకుపోయే శిక్ష ఒకటి! కనపడని దాన్ని తడుముకోక ఏం చేస్తాం?

రంగులు లేకుండా కూడా ఈ పని ఎంత బాగా చేయవచ్చో 2017లో వచ్చిన హిడెన్ ఫోక్స్ అనే ఆట చూస్తే తెలుస్తుంది. అంతా చేత్తో గీసిన నలుపు తెలుపు బొమ్మలు, చప్పుళ్ళు కూడా నోటితో చేసినవే. వెతకాల్సిన ప్రతిదానికీ ఒక చిన్న ఆచూకీ ఇస్తారు. అది చదివి ఏ గుడారం తెర తీయాలో, ఏ పొద కదపాలో ఊహించుకోవాలి. బొమ్మలు గీసింది ఒక్కరు, ఆట అల్లింది ఒక్కరు. అంత పెద్ద కంపెనీ అయిన మీకు ఏం అడ్డమొచ్చింది?

నడుస్తున్న కథకూ వెతుకులాటకూ కాస్త పొత్తు కూడా ఉండాలి కదండీ. పోలండ్‌కు చెందిన ఆర్టిఫెక్స్ ముండి కంపెనీ వాళ్ళ ఎనిగ్మాటిస్ ఆటలో దొరికిన ఆధారాలను గోడ మీద పలక్కి గుచ్చి, ఒకదానికొకటి ముడిపెట్టాలి. అలా చేస్తే వెతికినదానికి ఒక ప్రయోజనం ఉంటుంది. మీ ఆటలో గొడ్డలి కావాలి. అది కావాలంటే పన్నెండు వస్తువులు వెతకాలి: చేప, గొడుగు, చదరంగం గుర్రం, బొంగరం, ఇంకా ఏవేవో. అన్నీ దొరికాక గొడ్డలి మాత్రం నా సంచీలోకి వస్తుంది, మిగతా పదకొండూ మాయం. ఆ గొడ్డలితో ఒక్క చెక్క కొట్టగానే పిడి ఊడిపోతుంది. రెండు గదుల అవతల ఇంకో చెక్క అడ్డం వస్తే దానికి గునపం వెతకాలట! నా సంచీలో కత్తి ఉండగానే, తాడు కోయడానికి పగిలిన గాజుముక్క తెమ్మంది మీ ఆట. అత్తయ్య పగలబడి నవ్వారు. పాప తప్పిపోయిన ఇంట్లో అది నవ్వాల్సిన చోటు కాదనుకుంటాను.

కథ గురించి ఎక్కువ రాయను. రాత్రి, వాన, కారు బోల్తా, నల్లపొగలో ముసుగు మనిషి. ఏ కంపెనీది తెరిచినా ఇదే వరస, మీ ఒక్కరినే అనడం అన్యాయం. నటుల గొంతులు మాత్రం బాగున్నాయి. మ్యాప్ మీద నొక్కి నేరుగా కావాల్సిన గదికి వెళ్ళే సదుపాయం కూడా మెచ్చుకోదగ్గదే, లేకపోతే ఆ బంగళా మెట్లు ఎక్కీ దిగీ ప్రాణం పోయేది.

ఇంకో ముఖ్యమైన అభ్యంతరం కలెక్టర్స్ ఎడిషన్ మీద. ఎక్కువ డబ్బు పెట్టేవాళ్ళకు అదనపు అధ్యాయం, వాల్‌పేపర్లు, పాటలు, గైడు ఇవ్వడం ఈ వ్యాపారంలో మామూలే. దానికి నేనేమీ అనను. మొదటి ఆట పూర్తయి, ఆ తర్వాత ఇంకో చిన్న కథ వస్తే అది బోనస్. మీ ఆటను సులువు స్థాయిలో పూర్తిచేసిన మా ఆడపడుచు చెప్పినదాన్ని బట్టి, పాపను ఎత్తుకుపోయింది ఎవరో బోనస్ అధ్యాయంలోనే తేలుతుంది. ఆవిడ మామూలు ఎడిషన్ కొనుక్కుంది, జవాబు కోసం మళ్ళీ డబ్బు కట్టింది. ముగింపును విరిచి అమ్మేటప్పుడు ఆ మాట అమ్మకం పేజీలో ముందే చెప్పాలి.

ఆటలోంచి బయటికి రాగానే మీ మొబైల్ ఆట ప్రకటన వస్తోంది. "ఈ ఆఫర్ ఇంకా పది నిమిషాలే" అని గడియారం తిరుగుతుంది. మూసేసి తెరిస్తే మళ్ళీ పది నిమిషాల నుంచి మొదలు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో 13 రకాల మోసపు పద్ధతులను పేర్కొన్నారు. వాటిలో మొదటిదే లేని తొందర పెట్టడం. ఆ ప్రకటన తెరచిత్రాలు కూడా జతచేశాను. మొబైల్ ఆట సంగతి నాకు అక్కర్లేదు. శక్తి అయిపోయిందంటూ వెతుకులాట మధ్యలో ఆపి డబ్బులడిగే ఆటలు మా ఇంట్లో ఎవరూ ఆడరు.

నేను కోరేది ఇది. ఆటకు కట్టిన పూర్తి సొమ్ము, ఎడిషన్ తేడాతో సహా, నేను చెల్లించిన ఖాతాకే వాపసు ఇవ్వాలి. మీ స్టోరులో ఖర్చుపెట్టుకునే కూపన్లు వద్దు. నా డబ్బు ఇచ్చి ఊరుకుంటే సరిపోదు, పలకల తాళాన్ని సరిచేస్తూ అప్‌డేట్ విడుదల చేయాలి. నాలాగే అక్కడ ఇరుక్కున్నవాళ్ళు ఇంకా ఉండే ఉంటారు. అప్పటిదాకా ఎక్స్‌పర్ట్ స్థాయిలో కూడా ఆ ఒక్కచోట స్కిప్ బటన్ పెట్టండి. నేలమాళిగ లాంటి దృశ్యాల్లో బొమ్మను పెద్దది చేసుకునే వీలు ఇవ్వండి. జాబితాలో పేర్లకు బదులు వస్తువుల నీడబొమ్మలు చూపించే ఎంపిక కూడా కావాలి. కొన్ని ఆటల్లో ఇది ఇప్పటికే ఉంది. అప్పుడు మా అత్తయ్య నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఒక్కరే ఆడుకుంటారు.

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. రెండు గంటల నిబంధన చూపించి మళ్ళీ అదే జవాబు పంపితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెబుతాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 చట్టం ప్రకారం కొన్నవాళ్ళు తామున్న ఊరి పరిధిలోనే కేసు వేసుకోవచ్చు, మీ ఆఫీసు ఎక్కడున్నా సరే.

ఈసారి జవాబు రాసేవారు దయచేసి జతచేసిన పలకల తాళం తెరచిత్రం తెరిచి, ఆ పలకలను తమ చేత్తో ఒకసారి జరిపి చూసి రాయగలరు.

ఇట్లు,
మీ ఆటల పాత కొనుగోలుదారు,
రాజమహేంద్రవరం.

జతపరచినవి: రశీదు, పలకల తాళం, నేలమాళిగ, మొబైల్ ప్రకటన తెరచిత్రాలు, మీ కస్టమర్ కేర్ జవాబులు.