బొమ్మల సిరీసే కదా అని తీసిపారేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో జపాన్ యానిమే (అక్కడి బొమ్మల సినిమాలు, సిరీస్‌లు) గురించి వచ్చిన వ్యాసం చదివాను. పిల్లలు పుస్తకాలు పక్కన పడేసి తుపాకులు, రోబోల బొమ్మలు చూస్తూ రాత్రిళ్లు మేలుకుంటున్నారని వ్యాసకర్త బాధపడ్డారు. తల్లిగా, డిగ్రీ కళాశాలలో పాఠం చెప్పేదానిగా ఆ బెంగ నాకూ తెలుసు. కానీ అన్నింటినీ ఒకే గాటన కట్టేయడం మాత్రం సబబు కాదు. సైబర్ నేరం ఎలా నడుస్తుందో నేను చూసినవాటన్నింటిలోకీ లోతుగా చూపించింది ఒక యానిమే సిరీసే. దాని పేరు 'ఘోస్ట్ ఇన్ ద షెల్: స్టాండ్ అలోన్ కాంప్లెక్స్'. మా అబ్బాయి పోరు పడలేక ఒక భాగం చూద్దామని కూర్చున్నాను. మొత్తం చూసేదాకా లేవబుద్ధి కాలేదు.

దీనికి మూలం మసమునె షిరో గీసిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథల పుస్తకం. 1995లో మమొరు ఒషీ దాన్ని సినిమాగా తీశారు. 2002లో కెంజి కమియమ దర్శకత్వంలో 26 భాగాల టీవీ సిరీస్ మొదలైంది. ఐఫోన్ రావడానికి ఇంకా ఐదేళ్లు ఉన్న రోజులవి. కథ 2030 నాటి జపాన్‌లో జరుగుతుంది. జనం మెదడునే నెట్‌కు కలుపుకుని ఉంటారు, చాలామందికి కళ్లు కూడా యంత్రాలే. అలాంటి చోట సైబర్ నేరాల పని పట్టే చిన్న దళం సెక్షన్ నైన్. దాన్ని ముందుండి నడిపేది మేజర్ మొతొకొ కుసనగి. పైనుంచి రాజకీయ నాయకుల ఒత్తిళ్లు కాసుకునే ముసలాయన అరమకి. పోరాటాలు, యోకో కన్నో సంగీతం, చిన్నపిల్లల్లా ప్రశ్నలు వేసే తచికోమా అనే యుద్ధయంత్రాలు, ఇవన్నీ కుర్రకారును కట్టిపడేస్తాయి. నన్ను పట్టుకున్నది మాత్రం అందులోని కేసు.

ఒక యువకుడు వైద్యానికి వాడే సూక్ష్మయంత్రాలు తయారుచేసే పెద్ద కంపెనీ అధిపతికి తుపాకి గురిపెట్టి, టీవీ లైవ్ కెమెరా ముందుకు లాక్కొస్తాడు. నిజం చెప్పమంటాడు. అక్కడున్న జనమంతా చూస్తున్నారు, కెమెరాలు తిరుగుతున్నాయి. అయినా అతని ముఖం ఎవరికీ కనిపించదు. అందరి కళ్లలోకీ, కెమెరాల్లోకీ అప్పటికప్పుడే చొరబడి తన ముఖం మీద నవ్వే బొమ్మ ఒకటి అతికించేస్తాడు. అతని అసలు ముఖం చూసినవాళ్లు మెదడుకు యంత్రాలు పెట్టించుకోలేని ఇల్లూవాకిలీ లేని ఇద్దరు బీదవాళ్లే. వాళ్ల మాట ఎవరికి కావాలి?

ఈ ఘట్టం చూస్తుంటే మా పక్కింటి మాస్టారు కళ్లముందు మెదిలారు. ప్రధానోపాధ్యాయులుగా రిటైరయ్యారు, మనిషి చాలా పద్ధతిగా ఉంటారు. మీ పేరుతో వచ్చిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయని ఒక ఫోన్. ఆ వెంటనే వీడియో కాల్. యూనిఫాం వేసుకున్న అధికారి, వెనక గోడ మీద సీబీఐ గుర్తు, కాసేపటికి వాట్సాప్‌లో కోర్టు ఉత్తర్వు. ఫోన్‌ను స్టీలు గ్లాసుకు ఆనించి, చొక్కా పై గుండీ దాకా పెట్టుకుని దాని ముందు కూర్చున్నారట. బాత్‌రూమ్‌కు పోవాలన్నా "సార్, వెళ్లి రావచ్చా" అని అడిగారట. ఆ సంగతి చెబుతూ మాస్టారి భార్య పిన్నిగారు కొంగుతో కళ్లొత్తుకున్నారు. ఆయన కళ్లలోకి ఎవరూ చొరబడలేదు, అయినా ఆయన చూసినదంతా వాళ్లు చూపించినదే. దాచుకున్న రిటైర్మెంట్ సొమ్ములో చాలా భాగం పోయింది.

ఆ తర్వాత మా కాలనీలో సైబర్ నేరాల మీద అవగాహన సదస్సు పెట్టారు. ఓటీపీ చెప్పకండి, తెలియని లింకులు నొక్కకండి, ఇలా వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామనే డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలోనే లేదు, సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి అని చెప్పారు. అన్నీ అవసరమైన మాటలే. డబ్బు పోయిన వెంటనే 1930కి చెబితే అది చేతులు మారకముందే ఆపే వీలుంటుంది. ఇంతలో వేదిక మీదున్న ఒకాయన "చదువుకున్నవాళ్లే ఇలా మోసపోతే ఇంక ఎవరికి చెబుతాం" అన్నారు. నవ్వులు వినిపించాయి. మాస్టారు వెనక వరుసలోనే ఉన్నారు. తల ఎత్తలేదు.

నాకున్న అభ్యంతరం ఇదే. మన ప్రచారమంతా "మీరు జాగ్రత్తగా ఉండండి" దగ్గరే ఆగిపోతోంది. ఆ సిరీస్‌లో ఒక్క భాగంలో కూడా సెక్షన్ నైన్ మోసపోయినవాడి దగ్గర ఆగదు. ఆ నవ్వే బొమ్మ పేరు వాడుకుని కంపెనీల దగ్గర డబ్బు గుంజింది మొదటి యువకుడు కాదని తెలుస్తుంది. ఒక జబ్బుకు పనిచేసే టీకాను పక్కకు నెట్టి, పెద్దగా పనిచేయని ఖరీదైన వైద్యానికి అనుమతిచ్చారని తెలుస్తుంది. అలా దారం పట్టుకుని పోతే అది మందులను ఆమోదించే మండలి దాకా, చివరికి అధికార పార్టీ పెద్దమనిషి దాకా చేరుతుంది. డబ్బు ఎవరి చేతుల మీదుగా పోయింది, అనుమతి ఎవరిచ్చారు, తెలిసీ ఎవరు ఊరుకున్నారు అని వాళ్లు అడుగుతూనే ఉంటారు. దానికి మూల్యంగా దళాన్నే రద్దు చేసే పరిస్థితి వస్తుంది. ఇన్ని తుపాకుల మోతల మధ్య నడిచేది ఒక నిక్కచ్చి దర్యాప్తు. ఈ సిరీస్ ఆకర్షణ అదేనని నా నమ్మకం. ఇన్నేళ్ల తర్వాత కూడా కొత్త పిల్లలు దీన్ని వెతుక్కుని చూస్తున్నది అందుకే.

మరో సంగతి కూడా చెప్పాలి. ఈ సిరీస్ పోలీసులను దేవుళ్లను చేయదు. తొగుసా అనే సభ్యుడు మునుపు మామూలు పోలీసు డిటెక్టివ్. పాత సహోద్యోగి ఒకతను ఏదో చెబుతానని పిలిచి, కలిసేలోపే కారు ప్రమాదంలో పోతాడు. అతను వదిలి వెళ్లిన ఫోటోలను తొగుసా తిప్పి తిప్పి చూస్తాడు. అవి తీయాలంటే కెమెరా ఎక్కడ పెట్టాలో అతనికి అంతుపట్టదు. చివరికి అసలు సంగతి తడుతుంది. అవి డిటెక్టివ్‌ల కళ్లలోంచే తీసినవి. సొంత దర్యాప్తు బృందం కళ్లలోనే వాళ్లకు తెలియకుండా నిఘా పరికరాలు పెట్టింది పోలీసు శాఖే. మన తెలంగాణలో ఫోన్ ట్యాపింగ్ కేసు 2024 నుంచి పత్రికల్లో నలుగుతోంది. కాబట్టి ఈ భాగం మనకు పరాయిదేమీ కాదు. సైబర్ నేరాలు అరికట్టడానికి పోలీసులకు అధికారాలు ఇవ్వాల్సిందే, ఆ అధికారాన్ని ఎవరో ఒకరు కనిపెట్టుకుని కూడా ఉండాలి. ఈ రెండు మాటలనూ ఒకే కథలో చెప్పిన ధైర్యం నాకు నచ్చింది.

మళ్లీ మన విషయానికి వస్తాను. మాస్టారు పంపిన డబ్బు గాల్లో కలిసిపోలేదు. ఏవో ఖాతాల్లోకి వెళ్లింది. కమీషన్‌కు ఆశపడి ఎవరెవరో అద్దెకిచ్చిన మ్యూల్ ఖాతాలవి. వాటిని తెరిచింది ఏ శాఖలో? రోజూ వందల్లో తిరిగే ఖాతాలో ఒక్కసారిగా లక్షలు పడి, గంటలో ఖాళీ అవుతుంటే ఎవరికీ అనుమానం రాలేదా? 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు డిజిటల్ అరెస్ట్ కేసులను సీబీఐకి అప్పగిస్తూ, ఇలాంటి ఖాతాల విషయంలో బ్యాంకు సిబ్బంది పాత్రను కూడా తేల్చమంది. ఇక ఫోన్ చేసేవాళ్లలో కొందరు తామే బాధితులు. ఉద్యోగమని చెప్పి మన విశాఖ వైపు కుర్రాళ్లను కంబోడియాకు తీసుకెళ్లి, పాస్‌పోర్టులు లాక్కుని ఈ మోసాల పనిలో పెట్టిన సంగతి 2024లో విశాఖ పోలీసులే బయటపెట్టారు. ఆ ఏజెంట్లు మన ఊళ్లవాళ్లే. తీగ లాగితే డొంక ఎక్కడెక్కడ కదులుతుందో చూడండి.

అందుకే అధికారులకు ఒక సూచన చేస్తున్నాను. కళాశాలల్లో పెట్టే సైబర్ అవగాహన తరగతుల్లో తొగుసా ఫోటోల భాగాన్ని చూపించి పిల్లలతో మాట్లాడించండి. హక్కులు కొనాల్సి వస్తే కొనండి, పోస్టర్లకు పెట్టే ఖర్చులో అదెంత? ఈ పిల్లలే రేపు బ్యాంకు కౌంటర్లలో, పోలీసు స్టేషన్లలో కూర్చునేవాళ్లు. కౌంటర్ ముందుకొచ్చి ఒక పెద్దాయన వణుకుతున్న చేతులతో ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేయమంటే, "ఎందుకండీ, ఎవరైనా ఫోన్ చేశారా?" అని అడగాలన్న ఆలోచన వాళ్లకు రావాలి. మాస్టారిని ఆ రోజు బ్యాంకులో ఎవరూ అలా అడగలేదు.

మీకూ ఒక విన్నపం. ఫలానా ఊళ్లో రిటైర్డ్ ఉద్యోగికి టోకరా అన్న వార్త మీ జిల్లా పేజీలో తరచూ వస్తుంది. ఆ కేసు తర్వాత ఏమైందో మాత్రం రాదు. మూడు నెలలకోసారైనా అడిగి రాయండి. జిల్లాలో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎంత సొమ్ము స్తంభింపజేశారు, అందులో బాధితుల చేతికి ఎంత చేరింది, మ్యూల్ ఖాతాలు తెరిపించిన ఎంతమంది మీద చర్య తీసుకున్నారు. బాధితుల పేర్లు వేయకండి, బ్యాంకు శాఖల పేర్లు వేయండి.

— డిగ్రీ కళాశాల అధ్యాపకురాలు, హనుమకొండ