పాత కాలేజీ గోడలకు సిమెంట్ పుయ్యనియ్యకండి సార్
విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

సార్, నేను ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో ఎంఏ తెలుగు చదువుకున్న, ఇప్పుడు ఉప్పల్ దిక్కు ఒక చిన్న స్కూల్లో పాఠాలు చెప్తున్న. మా నాయిన తాపీ మేస్త్రీ. యాభై ఏళ్లు ఈ ఊర్లోనే గోడలు కట్టిండు కానీ ఆర్ట్స్ కాలేజీ లోపలికి ఎప్పుడూ పోలేదంట, పోయిన నెల నేనే తీసుకపోయిన. అందరూ వచ్చి ముందల ఆ పెద్ద కమాను దిక్కు తల ఎత్తి చూస్తరు, ఫోటో దిగుతరు. నాయిన మాత్రం సీదా గోడ దగ్గరికి పోయి రాయికీ రాయికీ మధ్య అతుకు మీద గోరు పెట్టి గీసుకుంటా పోయిండు. కొంచెం సేపు ఏం మాట్లాడలే, తర్వాత "ఈ రాయి చెక్కినోడు తొందరపడలేదు రా" అన్నడు. ఆ మాట విన్నప్పటి నుంచీ మీకు ఈ ఉత్తరం రాయాలని ఉంది.

నిజంగానే అక్కడ ఎవరూ తొందరపడలేదు సార్. యూనివర్సిటీ పుట్టింది 1918లో, చదువంతా ఉర్దూలో. మొదట్లో సొంత బిల్డింగ్ లేదు, నిజాం కాలేజీ దగ్గర్లోనే క్లాసులు నడిపిండ్రు. అడిక్‌మెట్‌లో కట్టాలని అనుకున్నాక కూడా వెంటనే పునాది తవ్వలేదు, జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అని ఇద్దరు ఆర్కిటెక్టులను దేశదేశాలు తిరిగి అక్కడి యూనివర్సిటీలు ఎట్లున్నయో చూసి రమ్మని పంపిండ్రు. వాళ్లకు ఈజిప్టులో దొరికిండు ఎర్నెస్ట్ జాస్పర్, బెల్జియం ఆయన, కైరో పక్కన హీలియోపోలిస్ ఊరు కట్టినోళ్లల్లో ఒకడు. ఆయన వచ్చి అజంతా, ఎల్లోరా లాంటివి చూసినంకనే గీత గీసిండు. 1934 జూలై 5న శంకుస్థాపన, 1939 డిసెంబర్ 4న ప్రారంభం. అంటే యూనివర్సిటీ పుట్టిన ఇరవై ఏళ్లు దాటినంక గానీ ఆ మెట్లు రాలేదు! అందుకే ఆ బిల్డింగ్ మీద రెండు చేతులు కలిసి పనిచేసినట్టు ఉంటది, స్తంభాలు చూస్తే గుహాలయాల్లో స్తంభాలు గుర్తొస్తయి, తల ఎత్తితే మసీదు కమాను, అయినా ఎక్కడా అతికించినట్టు అనిపించదు. నేను రెండేళ్లు రోజూ ఆ స్తంభాల మధ్య నుంచే క్లాసుకు పోయిన, అప్పుడు ఇవేవీ తెలవదు, ఎవరూ చెప్పలే, అది ఇప్పటికీ బాధగా ఉంటది. ఆ నేల కూడా ఒకప్పుడు మహ్‌లఖా బాయి చందా జాగీరు అంటరు, 1824లో పోయిన ఉర్దూ కవయిత్రి, ఆమె బావి, పక్కనే ఉన్న ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) క్యాంపస్‌లో ఇప్పటికీ ఉంది. ఎంతమంది స్టూడెంట్లకు తెలుసు?

అయితే సార్, నా భయం ఆర్ట్స్ కాలేజీ గురించి కాదు, దాన్ని చూసుకునే కండ్లు చాలా ఉన్నయి. మిగతా పాత కాలేజీలు, పాత హాస్టళ్ల గురించి.

మా ఇంటికి దగ్గర్లోనే ఒక పాత చదువుల బిల్డింగ్ ఉంది, పేరు చెప్పను. సున్నం గోడలు. కొన్నేళ్ల కింద పెచ్చులు ఊడుతున్నయని టెండర్ పిలిచి మంచిగా సిమెంట్ ప్లాస్టరింగ్ చేసి పైన రంగేసిండ్రు, కొత్త బిల్డింగ్ లెక్క మెరిసింది. రెండు వానకాలాలు పోయినయి, ఆ సిమెంట్ పలకలు పలకలుగా ఊడి పడ్డది, పడేటప్పుడు వెనకున్న పాత సున్నాన్ని, ఇటుక ముక్కల్ని కూడా పట్టుకొని పడ్డది. నాయిన చెప్పేది ఏందంటే డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) గోడ గాలి పీలుస్తది, వానకు తాగిన నీళ్లు ఎండకు బయటికి వదుల్తది, దాని మీద సిమెంట్ పూస్తే ఆ నీళ్లు లోపల్నే ఇరుక్కపోతయి, ఉప్పు పేరుకొని లోపల్నుంచి తోస్తది, గోడ బయటికి బాగానే కనపడుతుంది కానీ లోపల కుళ్లుతుంటది. రాతి గోడకు ఇనుప బోల్టులు కొట్టి ఏసీలు, కేబుళ్లు తగిలిస్తే కూడా అంతే, ఇనుము తుప్పు పట్టి ఉబ్బి రాయిని పగలగొడ్తది. అక్కడ పనిచేసిన కాంట్రాక్టర్‌ను నేను తిట్టను, ఆయనకు టెండర్‌లో సిమెంట్ అని రాసిచ్చిండ్రు, సిమెంట్ పూసిండు.

రిపేర్ సరిగ్గా చేస్తే ఎట్లుంటదో కోఠిలో చూసినం కదా సార్. నిజాం దగ్గర ఇంగ్లీషోళ్ల ప్రతినిధిగా ఉన్న కిర్క్‌ప్యాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ, 1803 నాటి ముచ్చట, పరదాలో ఉండే ఆయన భార్య ఖైరున్నిసా బేగం చూడాలని దాని చిన్న నమూనా కూడా కట్టించిండని చెప్తరు. 1949 నుంచి అందులో ఆడపిల్లల కాలేజీ, ఇప్పుడది చాకలి ఐలమ్మ పేరు మీద యూనివర్సిటీ. వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వాళ్లు దాన్ని ప్రమాదంలో ఉన్న కట్టడాల లిస్టులో పెట్టింది 2002లో, రిపేరై మళ్లీ తలుపులు తెరిచింది 2023లో. ఇరవై ఏళ్లు! పని మాత్రం తెలిసినోళ్ల చేత చేయించిండ్రు, పోయి చూస్తే కడుపు నిండుతది. కానీ ప్రతి బిల్డింగ్‌కూ ఇరవై ఏళ్లు ఆగే ఓపిక ఉండదు కదా, మూసీ ఒడ్డున సిటీ కాలేజీ ఉంది, హైకోర్టు, కాచిగూడ స్టేషన్ గీసిన విన్సెంట్ ఎష్ చేతిదే అది కూడా. అట్లాంటివి ఇంకెన్ని ఉన్నయో.

పాత కట్టడాలను కాపాడనీకి 1995లో వచ్చిన హెరిటేజ్ రూల్‌ను 2015లో తీసేసిండ్రు, 2017లో కొత్త చట్టం వచ్చింది. చట్టం కూల్చకుండా ఆపొచ్చు (పాత ఎర్రమంజిల్ ప్యాలెస్‌ను కూల్చకుండా 2019లో హైకోర్టే ఆపింది), రిపేర్ పేరుతో మెల్లగా చంపేదాన్ని ఎవరు ఆపుతరు? నేను అడిగేది పెద్ద బడ్జెట్ కాదు. మీ శాఖ కింద ఉన్న ఏ పాత కాలేజీ గోడ ముట్టుకోవాలన్నా టెండర్ కంటే ముందు సున్నం, రాయి పని తెలిసిన ఇంజినీర్ ఒకరు వచ్చి చూసి సంతకం పెట్టాలని ఒక్క జీవో ఇయ్యండి. టెండర్‌లో సిమెంట్ అని రాసే చోట డంగు సున్నం అని రాయించండి. ఇంకా ఒకటి, బిల్డింగ్ ఎవరు గీసిండ్రు, ఎప్పుడు కట్టిండ్రు అని తెలుగులో, ఉర్దూలో ఒక బోర్డు గేటు దగ్గర పెట్టించండి, నాలాగా రెండేళ్లు తెలవకుండా నడిచే పిల్లలు ఇంక ఉండొద్దు.

సున్నం పని తెలిసినోళ్లు ఎక్కడున్నరని మీ ఆఫీసర్లు అడగొచ్చు. తక్కువ మందే ఉన్నరు, అందరూ పెద్దోళ్లే. సున్నం గానుగలో ఎంతసేపు తిప్పాలో, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు ఎంత పొయ్యాలో మా నాయిన చేత్తో పట్టుకొని చెప్తడు, కాగితం మీద రాయమంటే మాత్రం రాయలేడు. మీ ఇంజినీర్లు నేర్చుకుంటమంటే చెప్పండి సార్, పొద్దున్నే బండి మీద ఎక్కించుకొని నేనే తీసుకొస్త.

ఇట్లు,
ఆర్ట్స్ కాలేజీ పాత విద్యార్థి, ఒక మేస్త్రీ కొడుకు
హైదరాబాద్