కలెక్టర్ గారూ, ఫోన్ చెప్పే పాఠాన్ని బడిలో విప్పి చూపనివ్వండి

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం.

మేం ఈ జిల్లా ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పేవాళ్లం, పీహెచ్‌సీల్లో కౌమార వయసు పిల్లల ఆరోగ్యం చూసే నర్సులం, కౌన్సిలర్లం. 8, 9 తరగతులకు ఆరు పీరియడ్ల పాఠం ఒకటి పెట్టించమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాం. శరీరం గురించీ, సెక్స్ గురించీ, ప్రేమ గురించీ ఫోనూ సినిమా గోడమీది ప్రకటనా చెప్పేదాన్ని పిల్లలే నిలదీసి అడగడం నేర్చుకునే పాఠం అది. మీడియా అక్షరాస్యత అని పుస్తకాల్లో అనేది దీన్నే. కొత్త పుస్తకం అక్కర్లేదు, కొత్త పోస్టూ అక్కర్లేదు. మీ సంతకంతో ఒక ఉత్తర్వు కావాలి.

"పిల్లలకు ఫోన్ ఇవ్వకండి" అని సమావేశాల్లో చెబుతుంటారు. మన జిల్లాలో ఆ సలహా నిలవదు. ఎచ్చెర్ల, రణస్థలం తీరంలో ఎందరో తండ్రులు గుజరాత్‌లోని వేరావల్ బోట్ల మీద నెలల తరబడి ఉంటారు. ఉద్దానం నుంచి హైదరాబాద్‌కూ చెన్నైకూ పనికి పోయినవాళ్లు సరేసరి. తల్లి తెల్లారేసరికి పలాసలో జీడిపప్పు పనికి వెళ్లిపోతుంది. ఇంట్లో మిగిలేది నాన్నమ్మ, పిల్లలు, ఒక స్మార్ట్‌ఫోను. రాత్రి నాన్న ముఖం కనిపించేది అందులోనే, బడి గ్రూపులో హోంవర్క్ వచ్చేదీ అందులోనే. ఆ ఫోన్ లాక్కోమని ఏ ముఖం పెట్టుకుని చెప్పగలం? అందులో కనిపించేదాన్ని ఎలా చూడాలో నేర్పడమే మన చేతిలో ఉన్నది.

పథకాలు లేక కాదు. కౌమార వయసు పిల్లల ఆరోగ్యం కోసం కేంద్రం పెట్టిన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం 2014 జనవరిలో మొదలైంది. 2020లో వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమంలో 11 అంశాలున్నాయి. పునరుత్పత్తి ఆరోగ్యం, హెచ్ఐవీ నివారణ అందులో ఒకటి. ఇంటర్నెట్, సోషల్ మీడియాను భద్రంగా వాడుకోవడం మరొకటి. బడికి ఇద్దరు టీచర్లకు శిక్షణ ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. చిక్కల్లా ఈ రెండు అంశాలూ ఎడమొహం పెడమొహంగా ఉండిపోవడమే. ఇంటర్నెట్ భద్రత "ఓటీపీ ఎవరికీ చెప్పకండి" దగ్గర ఆగిపోతుంది. పునరుత్పత్తి పాఠం బొమ్మ గీసి భాగాలు గుర్తించడం దగ్గర ఆగిపోతుంది. పిల్లాడి సందేహం ఆ రెంటి మధ్యలో ఉంటుంది. అక్కడికి ఏ పీరియడూ చేరడం లేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019–21) ప్రకారం మన రాష్ట్రంలో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకుండానే పెళ్లయింది. 15–19 ఏళ్లవాళ్లలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు, లేదా గర్భవతులు. ఈ అంకెల వెనకున్న పిల్లలకు తెలిసినదెంత, ఎవరు చెప్పగా తెలిసింది అనేదే మా దిగులు.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఇలాంటి పాఠాన్ని ఐదు తరగతులుగా, కాస్త పెద్ద పిల్లల చేతనే చెప్పించి చూశారు. ఫలితాలు 2008లో ప్రచురించారు. ఆ పాఠం విన్న పిల్లల్లో "మా వయసువాళ్లందరూ సెక్స్ చేస్తున్నారు" అన్న అతి అంచనా తగ్గింది. మేం పట్టుకున్నది ఈ ఒక్క మాటనే. అందరూ చేస్తున్నారు, నేనే వెనకబడ్డాను అన్న భావనే మా దగ్గరికొచ్చే పిల్లల్లోనూ కనిపిస్తుంది. ఆ భావన తెర మీంచి వచ్చింది, తెరను చదవడం నేర్పితే సడలుతుంది.

ఇక పాఠం సంగతి. దేన్ని చూపినా పిల్లలు ఐదు ప్రశ్నలే అడగాలి. దీన్ని ఎవరు తయారు చేశారు? డబ్బు ఎవరికి పోతుంది? ఏది చూపలేదు? నన్ను ఏం చెయ్యమంటోంది? నిజమో కాదో ఎవర్ని అడగాలి? మూడో ప్రశ్న అన్నిటికన్నా బరువైనది. పీరియడ్‌లో సగం సమయం దానికే ఇవ్వాలి.

బస్టాండు గోడల మీద, రైల్వే గేట్ల దగ్గర పసుపు రంగు మీద ఎర్రటి అక్షరాలతో ఉండే ప్రకటన తీసుకోండి. "స్వప్నస్ఖలనం, నరాల బలహీనత, శాశ్వత పరిష్కారం, గ్యారంటీ." కింద ఒక సెల్ నంబరు. డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండదు. చూపనిది ఏమిటంటే, 12, 13 ఏళ్లు దాటిన మగపిల్లలకు నిద్రలో వీర్యం పోవడం మామూలు విషయం. దానికీ నరాలకూ సంబంధం లేదు. నలభై రక్తపు చుక్కలైతే ఒక వీర్యపు చుక్క అన్న లెక్కకు ఏ ఆధారమూ లేదు. టీచరు ఇక్కడ తొందరపడి ముందుకు పోకూడదు. ఆ ప్రకటన చదివిన పిల్లాడు భయపడతాడు, నిద్ర మానేస్తాడు, అన్నం సహించదు, పుస్తకం పట్టుకుంటే మనసు నిలవదు. వారం తిరిగేసరికి నిజంగానే నీరసపడతాడు. భయం వల్ల వచ్చిన ఆ నీరసాన్నే జబ్బుకు రుజువుగా చూపి మందు అమ్ముతారు. ఈ గొలుసును నల్లబల్ల మీద ఒక్కో మెట్టుగా పిల్లలచేతే రాయించాలి. ఎక్కడ తెంపవచ్చో వాళ్లే చెబుతారు.

ఆడపిల్లలకు ఇదే పద్ధతిలో "తెల్లబట్ట" కరపత్రం. నెల మధ్యలో తెలుపు జిగటగా, గుడ్డులోని తెల్లసొనలా కావడం మామూలు. దురద, దుర్వాసన, పచ్చటి రంగు, విరిగిన పెరుగులాంటి ముద్దలు ఉంటేనే ఏఎన్ఎంకు చూపించుకోవాలి. కరపత్రం ఈ తేడా చెప్పదు. చెబితే సగం గిరాకీ పోతుంది.

సినిమా పీరియడ్‌కు మూడు నిమిషాల సన్నివేశం చాలు. హీరో వెంటపడే సన్నివేశం దొరకడం కష్టం కాదు. ముందు శబ్దం తీసేసి వెయ్యాలి. పాట, నవ్వులు, నేపథ్య సంగీతం పోతే అమ్మాయి ముఖం కనిపిస్తుంది. ఆమె ఎన్నిసార్లు వద్దంది, అతను ఎన్నిసార్లు ఆగాడు? రెండు గళ్లు గీసి గీతలు పెట్టించాలి. తర్వాత శబ్దంతో వేసి, సంగీతం దేన్ని కప్పేసిందో అడగాలి. అప్పుడే చట్టం చెప్పాలి. వద్దన్నాక పదేపదే వెంటపడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. లైంగిక ఉద్దేశంతో 18 లోపు పిల్లల్ని వెంటాడితే, పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం కూడా వర్తిస్తుంది, మూడేళ్ల వరకు జైలు. 18 లోపు లైంగిక సంబంధం ఇద్దరి ఇష్టంతో జరిగినా చట్టం నేరంగానే చూస్తుందన్న సంగతి మగపిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. కేసయ్యాక తెలుస్తోంది.

అత్యవసర గర్భనిరోధక మాత్ర ప్రకటనను తొమ్మిదో తరగతికే పరిమితం చెయ్యాలి. 1.5 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్, 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత పని చేస్తుంది. అండం విడుదలను వెనక్కి నెట్టడమే దాని ప్రధానమైన పని. గర్భం నిలిచాక వేసుకుంటే ఫలితం ఉండదు. సుఖవ్యాధుల్ని ఆపదు. అబార్షన్ కిట్ వేరు, ఈ మాత్ర వేరు. ఈ రెంటికీ తేడా తెలియక మందుల షాపులో కిట్ కొని ఇంట్లో వేసుకుంటే రక్తస్రావంతో ప్రాణం మీదికి వస్తుంది. ఇది పిల్లలకెందుకని మాలోనే కొందరన్నారు. ఆ మాత్ర ప్రకటన ఇప్పటికే వాళ్ల ఫోన్‌లో ఉంది కాబట్టి.

అశ్లీల వీడియోల గురించి మాట్లాడాలి, చూపడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కుదరదు. పిల్లలకు అలాంటిది చూపడమే పోక్సో కింద నేరం. మాటల్లో చాలు: అది డబ్బు తీసుకున్న నటులతో, కోతలూ అతుకులూ వేసి చేసిన చిత్రం. అందులో అడగడం ఉండదు, ఆగడం ఉండదు, కండోమ్ ఉండదు, మర్నాడు ఉండదు.

ఎక్కడ చెడుతుందో కూడా చెప్పాలి. క్లాసులో ఉన్న ఇంటరాక్టివ్ ప్యానెల్‌ను నెట్‌కు కలిపి యూట్యూబ్ తెరిస్తే పక్కన వచ్చే సిఫార్సులు పరువు తీస్తాయి. అందుకని వీడియోలు ముందురోజే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, నెట్ ఆపేసి వెయ్యాలి. గోడ ప్రకటన ఫోటో తీసి ప్రింట్ ఇచ్చేటప్పుడు సెల్ నంబర్ నల్లగా కొట్టేయాలి. లేకపోతే ఆ వైద్యుడికి మనమే గిరాకీ పంపినట్టవుతుంది. పుస్తకంలోని సంస్కృత పదాలు పిల్లలకు అర్థం కావు, వీధిలోని మాటలు తిట్లు. శిక్షణలో మొదటి గంట టీచర్లు "యోని, పురుషాంగం, నెలసరి, వీర్యం" అన్న మాటల్ని తడబడకుండా పైకి పలకడానికే కేటాయించాలి. టీచరు గొంతు తగ్గితే క్లాసు నవ్వుతుంది, నవ్వాక పాఠం నడవదు. ప్రకటనల పీరియడ్లు అందర్నీ కలిపి, శరీరం గురించిన సందేహాలు విడివిడిగా.

సందేహాల పెట్టె చాలాచోట్ల పెట్టారు, ఖాళీగానే ఉంటోంది. పెట్టె దగ్గరికి వెళ్లినవాణ్ణి అందరూ చూస్తారు కాబట్టి. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి అందరికీ ఒకే కొలతలో ఇవ్వాలి, అందరూ పెన్సిల్‌తోనే రాయాలి. ప్రశ్న లేనివాళ్లు "ఏమీ లేదు" అని రాసి మడిచి వెయ్యాలి. అప్పుడు ఎవరిది ఏదో తెలియదు. ఇద్దరు టీచర్లు ముందురోజు చదివి, మర్నాడు జవాబు చెప్పాలి. ఒక చీటీలో వేధింపు కనిపిస్తే? పోక్సో 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. అందుకే "ఎవరికీ చెప్పం" అని మాట ఇవ్వకూడదు. "ఎవరైనా మిమ్మల్ని బాధపెడుతున్నారని తెలిస్తే కాపాడటానికి చెప్పాల్సినవాళ్లకు చెబుతాం" అని పెట్టె తెరవకముందే చెప్పాలి.

ఫోటోలతో బెదిరింపుల విషయంలో పెద్దలు చేసే తప్పే ఎక్కువ నష్టం చేస్తోంది. పిల్ల వచ్చి చెప్పగానే "ఏదీ, ఆ ఫోటో నాకు పంపు" అంటారు. పంపించుకోవద్దు. 18 లోపు పిల్లల అలాంటి చిత్రం పంపడం, దాచడం ఐటీ చట్టం 67బి కిందికీ, పోక్సో కిందికీ వస్తాయి. దాచుకోవడం కూడా నేరమేనని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబర్‌లో తేల్చింది, లైంగిక విద్య గురించి ఆలోచించమని కేంద్రానికి ఆ తీర్పులోనే సూచించింది. చెయ్యాల్సింది ఇది: డబ్బు ఇవ్వొద్దు, చాట్ చెరపొద్దు. అవతలివాడి ప్రొఫైల్ పేరు, లింకు, నంబరు, తేదీ, సమయం రాసుకోవాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యాలి. సైబర్ క్రైమ్ జాతీయ పోర్టల్లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చు. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. "టేక్ ఇట్ డౌన్" అనే ఉచిత సేవ ఒకటుంది. అది ఫోటోను బయటికి పంపకుండానే ఫోన్‌లోనే దానికో గుర్తు తయారుచేసి, ఆ సేవలో చేరిన వేదికలు చిత్రాన్ని గుర్తించి తీసేసేలా చేస్తుంది. అన్నిటికన్నా ముందు ఆ పిల్లతో అనాల్సిన మాట "తప్పు నీది కాదమ్మా" అని. రాత్రి ఒంటరిగా వదలొద్దని ఇంట్లోవాళ్లకు చెప్పాలి. మనసు కుదుటపడకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416.

తల్లిదండ్రులు వద్దంటారన్న భయం ఉత్తర్వు ఇచ్చేవాళ్లకు ఎప్పుడూ ఉంటుంది. 2007లో కొన్ని రాష్ట్రాలు కౌమార విద్యను ఆపేసింది ఆ భయంతోనే. అందుకే పిల్లలకన్నా ముందు తల్లిదండ్రుల సమావేశంలో ఇరవై నిమిషాలు ఇదే సామగ్రి వాళ్లకు చూపాలి. ప్రింట్లు చేతికిచ్చి, అవే ఐదు ప్రశ్నలు వాళ్లనే అడగాలి. లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడతారనడానికి ఆధారం లేదని యునెస్కో 2018 మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. అయినా తల్లి మనసు మారేది ఆ పసుపు ప్రకటన చదివాకే.

మీరు చెయ్యాల్సిన పనులు చెబుతాం. జూలై నుంచి సెప్టెంబర్ లోపు 8, 9 తరగతులకు వారానికి ఒకటి చొప్పున ఆరు పీరియడ్లు టైంటేబుల్లోనే చూపించమని ఉత్తర్వు ఇవ్వండి. "వీలు చూసుకుని" అని రాస్తే వీలు రాదు. బడికి ఒక మాస్టారు, ఒక టీచరమ్మ చొప్పున వమరవల్లిలోని ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్‌లో రెండు రోజుల శిక్షణ పెట్టించండి, ఆ పీహెచ్‌సీ ఏఎన్ఎంను కూడా పిలవండి. ఆరో పీరియడ్‌లో పిల్లలు తయారుచేసే పోస్టర్ల మీద పీహెచ్‌సీ పేరు, వేళలు ఉండాలి. ఆ వేళకు అక్కడ తలుపు వేసిన గదీ, విసుక్కోని మనిషీ ఉండేలా జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్ఓ) గారికి చెప్పండి. పిల్లలు ఒకసారి వెళ్లి నలుగురిలో నిలబడాల్సి వస్తే రెండోసారి వెళ్లరు. మూడు నెలల తర్వాత ఇంకో కొత్త ప్రకటన ఇచ్చి, పేరు రాయకుండా "ఏది చూపలేదు" అన్నదానికి జవాబులు రాయించి లెక్కపెడితే పాఠం అందిందో లేదో తెలుస్తుంది. దీనికి మార్కులు వద్దు.

ఇంకొకటి. లైంగిక సామర్థ్యానికీ, నెలసరి సమస్యలకూ, సుఖవ్యాధులకూ మందులున్నాయని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు. బడుల చుట్టూ, బస్టాండుల్లో ఉన్న ఆ గోడ రాతల్ని డ్రగ్ ఇన్‌స్పెక్టర్లతో, మున్సిపల్ సిబ్బందితో తుడిపించండి. తుడిచిన గోడ మీద ఆ ఊరి బడి పిల్లల పోస్టర్ వేయించవచ్చు.

వచ్చే సోమవారం గ్రీవెన్స్‌కు నంబర్లు కొట్టేసిన ఆరు ప్రింట్లు, చీటీల పెట్టె, పెన్‌డ్రైవ్ తీసుకుని వస్తాం. పది నిమిషాలు మాకివ్వండి. మొదటి ప్రింట్ మీ చేతికిచ్చి, ఏది చూపలేదో మిమ్మల్నే అడుగుతాం.

ఇట్లు,
శ్రీకాకుళం జిల్లా ఉపాధ్యాయులు, నర్సులు, కౌన్సిలర్లు కొందరు