పెద్ద బండి లైసెన్సు దిశగా: మన డ్రైవర్ల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సమావేశాలు, చందాలు ఎప్పటిలాగే సాగాయి. ఈ ఏడాది మనం ఎక్కువ కష్టపడింది మాత్రం ఒక్క పనికే: కారు లైసెన్సు ఉన్న సభ్యుల్ని లారీ, బస్సు లైసెన్సుకు సిద్ధం చేయడం.

అసలు ఏ బండికి ఏ లైసెన్సు కావాలన్న దగ్గరే చాలామంది తడబడ్డారు. "లారీ ఖాళీగానే ఉంది కదా, కారు లైసెన్సు చాలదా?" అని అడిగారు. చాలదు. 1968 నాటి వియన్నా రోడ్డు ట్రాఫిక్ ఒప్పందంలో కారు తరగతి 'బి'. దానికి హద్దు 3,500 కిలోలు, డ్రైవరు సీటు కాక 8 సీట్లు. బరువు దాటితే 'సి', సీట్లు దాటితే 'డి'. బరువంటే ఆ రోజు ఎక్కించిన సరుకు కాదు, ఆ బండికి అనుమతించిన గరిష్ఠ బరువు. అన్ని దేశాల్లోనూ ఇవే తరగతులు ఉండవు కాబట్టి, దరఖాస్తుకు ముందు మీ లైసెన్సు కార్యాలయంలో కనుక్కోండి.

అసలు టెన్షన్ మైదానంలో మొదలైంది. పొడవాటి బండి మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిన రావు, మలుపు లోపలి వైపు కోసుకుంటూ వస్తాయి. ఏళ్ల తరబడి కారు నడిపినవాళ్లు కూడా అలవాటుకొద్దీ స్టీరింగ్ ముందే తిప్పేసి, మూలనున్న కోను మీదికి వెనక చక్రం ఎక్కించారు. కాసేపు చూసి శిక్షకుడు ఆ కోను తీసేసి, అదే చోట తన సైకిలు నిలబెట్టారు. ఆ తర్వాత అద్దంలో వెనక చక్రాన్ని చూడకుండా ఎవరూ స్టీరింగ్ తిప్పలేదు. ఏడాది మొత్తంలో మనకు దొరికిన మంచి పాఠం ఇదేనని నా నమ్మకం.

గాలి ఒత్తిడితో పనిచేసే ఎయిర్ బ్రేకులు నేర్పడానికి అనుకున్నదానికంటే ఎక్కువ సమయం పట్టింది. పెడల్ నొక్కాక గాలి గొట్టాల గుండా చక్రాల దాకా చేరడానికి సుమారు అర సెకను పడుతుంది. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఆ అర సెకనులోనే 10 మీటర్లు ముందుకు పోతుంది. బ్రేకు పట్టడం ఆ తర్వాతే. ఊరికే పెడల్ కొడుతూ ఉంటే ట్యాంకులో గాలి తగ్గిపోతుంది. గాలి బాగా పడిపోతే, అంతవరకు ఆ గాలి ఒత్తిడే ఆపి ఉంచిన స్ప్రింగు బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. రోడ్డు మధ్యలో అలా జరిగితే వెనక వచ్చేవాళ్లకు ప్రమాదం. అందుకే బయలుదేరే ముందు గాలి మీటరు చూడటం, లీకు శబ్దం వినడం తప్పనిసరి చేశాం. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు దిగువ గేరు, ఇంజిను బ్రేకు (ఇంజినుతోనే వేగం తగ్గించడం) వాడాలని పదే పదే చెప్పాం. బ్రేకులు వేడెక్కితే పట్టు పోతుంది, పట్టు పోయాక డ్రైవరు చేతిలో ఉండేది చాలా తక్కువ.

కంటి పరీక్ష చివరికి వాయిదా వేసుకున్న కొందరికి దరఖాస్తు ఆలస్యమైంది. ఈసారి దాన్ని మొదటే చేయించుకోండి.

రివర్స్ సాధనకు మనం ఇచ్చిన సమయం చాలలేదు, అది కార్యవర్గం లోపమే. వచ్చే ఏడాది దానికి విడిగా రోజులు కేటాయిస్తున్నాం. వెనక నిలబడి సైగ చేసే మనిషి అద్దంలో కనిపించకపోతే ఆ క్షణమే బండి ఆపాలన్నది మొదటి నియమం. ఆ రోజుల్లో కొత్తవారి పక్కన కూర్చోవడానికి అనుభవమున్న లారీ, బస్సు డ్రైవర్లు కావాలి. రాగలిగినవారు దయచేసి కార్యవర్గానికి పేరు ఇవ్వండి.

కార్యదర్శి