యోసేపు చెప్పిన జవాబు

చిరంజీవి కుమారునికి,

అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ నాన్న, నానమ్మ, చెల్లి, అందరం క్షేమం. నీ ఉత్తరం గురువారం చేరింది. ముంబయిలో ఉద్యోగంలో కుదురుకున్న తరువాత మొదటిసారిగా అక్కడి సమాజమందిరానికి వెళ్లావని చదివి ఎంతో సంతోషించాం. అయితే ద్వారం దగ్గర నిన్ను ఆపి, నీవు ఎవరివి, మీవాళ్లు ఎక్కడివారు, మీరు యూదులని ఎవరు చెప్పారు అని నలుగురి ముందు అడిగారని, ఇకమీదట గదిలోనే ఒంటరిగా ప్రార్థన చేసుకుంటానని వ్రాసిన మాట దగ్గరకు వచ్చేసరికి నాన్న చదవడం ఆపి ఉత్తరం నా చేతికిచ్చారు. వెంటనే జవాబు వ్రాయాలనిపించినా శుక్రవారం వంటపనితోనే గడిచింది, ఆ తరువాత పని ముట్టని విశ్రాంతి దినం షబ్బాత్. ఈ సాయంత్రం మూడు నక్షత్రాలు కనిపించి, షబ్బాత్‌కు వీడ్కోలు పలికే హవ్దాలా ముగిశాక కలం పట్టుకున్నాను.

మన ధర్మగ్రంథమైన తోరాలో ఈ వారం చదివే పరాషా, అంటే పాఠభాగం, వైహీ అని నీకు తెలుసు. ఆదికాండము 47వ అధ్యాయం 28వ వచనంలో మొదలై ఆ గ్రంథం చివరి దాకా సాగే ఈ భాగాన్ని చిన్నప్పటి నుంచి నీవు ఎన్నోసార్లు విన్నావు. బెనె ఎఫ్రాయిము, అంటే యోసేపు కొడుకు ఎఫ్రాయిము సంతతి, అని పేరు పెట్టుకున్న మనకు ఇది సొంత ఇంటి కథ కనుక, ఆ రోజు మందిరానికి రానివారు కూడా వస్తారు. ఈసారి నాన్న హెబ్రీలో చదివి, తెలుగులో వివరిస్తుండగా 48వ అధ్యాయం ఎనిమిదో వచనం దగ్గర నేను ఆగిపోయాను. మంచం మీద లేచి కూర్చున్న యాకోబు తన కొడుకు యోసేపు కుమారులను చూసి, “వీరెవరు?” అని అడుగుతాడు. మన మందిరంలో ఆ మాట వినబడినప్పుడు నాకు నీవే గుర్తుకు వచ్చావు.

ఆ వచనాన్ని నీవు మళ్లీ తెరిచి చూడు. అప్పటికి యాకోబు ఐగుప్తులో 17 సంవత్సరాలు బ్రతికాడు. ఆ పిల్లలు కరవు రాకముందే పుట్టినవారు కాబట్టి పసివారు కారు, పరాయివారూ కారు. అంతకు మూడు వచనాల ముందే ఆయన వారిద్దరి పేర్లూ పలికి, నా పెద్ద కొడుకులు రూబేను, షిమ్యోనుల వలెనే ఎఫ్రాయిము, మనష్షేలు నావారు అని స్పష్టంగా చెప్పాడు. నావారు అన్నవాడే మరుక్షణం వీరెవరు అని అడిగాడు. వృద్ధాప్యం వల్ల ఆయన కన్నులు మందగించాయని తోరాయే చెబుతోంది. అయినా 11వ శతాబ్దపు వ్యాఖ్యాత రషీ దానితో సరిపెట్టుకోలేదు. ఎఫ్రాయిము సంతతిలో రాబోయే యరొబాము వంటి దుష్ట రాజులను యాకోబు ముందుగానే చూశాడని, అందుకే ఈ బిడ్డలు ఆశీర్వాదానికి తగినవారేనా అన్న సందేహంతో అడిగాడని ఆయన వ్యాఖ్యానించాడు. అంటే ప్రశ్న అడగడానికి తాతకు ఆయన కారణం ఆయనకు ఉంది.

ఇక యోసేపు చెప్పిన జవాబు చూడు. తన కుమారులు పరదేశంలో పుట్టారు, వారి తల్లి ఆసెనతు ఓను పట్టణపు యాజకుని కూతురు. ఈ విషయాలేవీ ఆయన దాచలేదు, వాటికి సంజాయిషీ కూడా చెప్పుకోలేదు, తండ్రి మీద కోపగించి పిల్లలను వెనక్కి తీసుకుపోలేదు. వీరు ఇక్కడ దేవుడు నాకిచ్చిన కుమారులు అన్నాడు, అంతే. ఆ సమయంలో యోసేపు తన వివాహ పత్రాన్ని కూడా తండ్రికి చూపాడని రషీ చెబుతాడు. ఐగుప్తు దేశానికి అధిపతి అయినవాడు తన తండ్రి ముందు కాగితం చూపడానికి సిగ్గుపడలేదు. ఆ తరువాతే యాకోబు వారిని దగ్గరకు తీసుకుని, ముద్దు పెట్టుకుని, కౌగిలించుకున్నాడు.

నాయనా, ఆ నగరంలో 2008 నవంబరులో యూదుల కేంద్రమైన నారిమన్ హౌస్ మీద జరిగిన దాడి నీకు తెలియనిది కాదు. అటువంటి చోట గుమ్మం దగ్గర నిలబడిన మనిషి కొత్త ముఖాన్ని ప్రశ్నించకుండా లోపలికి పంపిస్తే నేను తల్లిగా భయపడేదాన్ని. అడిగిన తీరు మొరటుగా ఉంటే అది వారి తప్పు, దాన్ని నేను సమర్థించను. కానీ అడిగిన ప్రశ్న మాత్రం మనకు కొత్త కాదు. 1991లో షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి సోదరుల చొరవతో కొత్తరెడ్డిపాలెంలో మందిరం వెలసినప్పటి నుంచి మన పెద్దలు, ఊరివారి దగ్గర, పత్రికలవారి దగ్గర, దూరదేశాల నుంచి వచ్చిన మతగురువులైన రబ్బీల దగ్గర ఇదే ప్రశ్నకు జవాబు చెబుతూ వచ్చారు. మన దగ్గర తాళపత్రాలు లేవు, శాసనాలు లేవు, తాతలు చెప్పిన మాట ఉంది, మనం పాటిస్తున్న బ్రతుకు ఉంది. ఇశ్రాయేలు ప్రధాన రబ్బీలు మనలను ఇంతవరకు గుర్తించలేదన్నది నిజం. ఆ నిజాన్ని ఎవరైనా అడిగితే తల దించుకోకుండా చెప్పు.

మిజోరం, మణిపూర్‌లలో మనష్షే సంతతివారమని చెప్పుకునే బెనె మనష్షేవారిని 2005లో ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ గుర్తించారని, మనకు మాత్రం ఆ భాగ్యం లేదని నీవు బాధతో వ్రాశావు. దానికి జవాబు కూడా ఈ పరాషాలోనే ఉంది. యాకోబు చేతులు అడ్డంగా చాచి, కుడిచేతిని చిన్నవాడైన ఎఫ్రాయిము తల మీద ఉంచినప్పుడు యోసేపు అభ్యంతరం చెప్పాడు గాని, పెద్దవాడైన మనష్షే ఒక్క మాట కూడా అన్నట్లు తోరాలో లేదు. కయీను మొదలుకొని ఆ గ్రంథమంతా అన్నదమ్ముల వైరమే కదా! ఆ వైరం లేని అన్నదమ్ములు వీరిద్దరే కనుకనే శుక్రవారం రాత్రి మన మగపిల్లలను వీరి వలె కమ్మని దీవిస్తామని పెద్దలు చెబుతారు. ఆనాడు తమ్ముడిని ముందు నిలిపినప్పుడు మనష్షే ఓర్చుకున్నాడు. ఈనాడు మనష్షే సంతతి ముందు నడుస్తోంది, సంతోషించడం ఎఫ్రాయిము వంతు.

నిన్న రాత్రి నాన్న ఆ దీవెన చెప్పేటప్పుడు పక్కింటి ఇద్దరు పిల్లలు మన ఇంట్లోనే ఉన్నారు. యాకోబు చేతులు ఎలా పెట్టాడో చూపమని అడిగారు. నాన్న చేతులు అడ్డంగా చాచేసరికి, పెద్దవాడు తన తల మీదికి ఎడమచెయ్యి వస్తోందని గమనించి గబుక్కున తమ్ముడి చోటికి మారిపోయాడు, తమ్ముడు ఏడుపు అందుకున్నాడు. చివరికి నాన్న ఇద్దరి తలల మీదా రెండేసిసార్లు చేతులు మార్చి మార్చి దీవించవలసి వచ్చింది. నీవు వింటే నవ్వుకుంటావని వ్రాస్తున్నాను.

ఇక్కడ కుప్ప నూర్పిళ్ల రోజులు. శనివారం కూడా రమ్మని, లేకపోతే పని వేరేవారికి ఇస్తానని ముఠా మేస్త్రి అన్నాడట. మనవాళ్లలో కూలికి వెళ్లే స్త్రీలు ఆదివారం తెల్లవారుజామునే వచ్చి ఆ పని పూర్తి చేస్తామని ఒప్పించి, షబ్బాత్ నాడు మందిరానికి వచ్చారు. ఒప్పుకోకపోయి ఉంటే ఆ రోజు కూలి పోయేది. ఒక పూట కూలి పోవడం ఆ ఇళ్లలో ఏమిటో నీకు నేను చెప్పనక్కరలేదు. గ్రంథం ముగిసి అందరం లేచి నిలబడి “హజక్, హజక్, వెనిత్‌హజెక్” అన్నప్పుడు, బలపడుదాం, ఒకరినొకరం బలపరచుకుందాం అన్న ఆ మాటను వారు పలికిన గట్టితనం నీవు వినవలసింది. గదిలో ఒంటరిగా ఉన్నవాడు ఆ మాటను ఎవరితో అంటాడు? నా దిగులంతా అదే.

మనిషి తన పరాషాను సమాజంతో కలిసి పూర్తి చేయాలని, మూలాన్ని రెండుసార్లు, అనువాదాన్ని ఒకసారి చదవాలని పూర్వపు రబ్బీల బోధల గ్రంథమైన తల్మూదులో, బెరఖోత్ అనే భాగంలో ఉంది. నీకు హెబ్రీ అక్షరాలు వచ్చు, తెలుగు ప్రతి నీ పెట్టెలో ఉంది. ఆదివారం నుంచి రోజుకు కొంత చొప్పున ఏడు భాగాలూ చదువు. మేము చదివేదీ అదే భాగం కాబట్టి దూరంగా ఉన్నా నీవు మాతోనే ఉంటావు. అయినా అది మందిరానికి బదులు కాదు. వచ్చే శుక్రవారం సూర్యాస్తమయానికి ముందే బయలుదేరి, నీ గుర్తింపు కార్డు వెంట పెట్టుకుని, అదే ద్వారానికి మళ్లీ వెళ్లు. అడిగితే గుంటూరు జిల్లా నుంచి వచ్చానని, బెనె ఎఫ్రాయిము ఇంటివాడినని చెప్పు. లోపలికి రానిస్తే వెనుక వరుసలో కూర్చుని వారి రాగాలు నేర్చుకో. రానివ్వకపోతే గొడవపడకుండా, ఎవరిని కలిసి అనుమతి తీసుకోవాలో మర్యాదగా అడిగి తెలుసుకుని రా.

వచ్చే వారం షెమోత్ అనే పరాషాతో నిర్గమకాండము మొదలవుతుంది. మంత్రసానులు షిఫ్రా, పూయాల గురించి మందిరంలో నాలుగు మాటలు చెప్పమని చెల్లిని అడిగారు. రాజు ఆజ్ఞను కాదనే ధైర్యం వారికి ఎక్కడి నుంచి వచ్చిందన్నది దాని సందేహం. నీకు తోచింది గురువారంలోగా చేరేలా వ్రాసి పంపు. నీ పేరు చెప్పే చదువుతానంటోంది.

ఆశీస్సులతో,
అమ్మ