రేయ్ మామా, ఆ వెనక చక్రాలు ఇప్పుడే కొనొద్దు

తిరుపతి
ఆదివారం రాత్రి

రేయ్ మామా,

ఫోటో చూశాను. చిత్తూరులో మీ ఇంటి ముందు, కానుగ చెట్టు కింద ఎర్ర బీఎండబ్ల్యూ జెడ్4. రెండు సీట్లు, ఆరు సిలిండర్లు, 306 హార్స్‌పవర్, అదీ నీ పేరు మీద! ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. పదో తరగతిలో నోటు పుస్తకం వెనక అట్ట మీద నువ్వు గీసిన కార్లన్నిటికీ వెనక చక్రాలు పెద్దవిగానే ఉండేవి, నాకు బాగా గుర్తుంది. అందుకే కారు వచ్చిన వారానికే "ముందు ఉన్నవే ఉంచి వెనక 285 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు వేయిస్తా, ఏమంటావ్" అని నువ్వు అడిగితే ఆశ్చర్యం వేయలేదు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, లెక్కలు కూడా ఉన్నాయి, అందుకని కూర్చుని రాస్తున్నా.

వెనక పెద్దవి వేయించు, నేను వద్దనను. కానీ నువ్వు వెడల్పుతో మొదలుపెడుతున్నావు. ముందు చూడాల్సింది చక్రం మొత్తం ఎత్తు, అంటే టైరుతో కలిపి ఎంత వ్యాసం వస్తుందో అది. తర్వాత రిమ్ము ఆఫ్‌సెట్, అంటే చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో అది. వెడల్పు చివర. ఈ వరస తప్పితే డబ్బు పోతుంది, నాకు పోయింది, చెబుతా.

ఇప్పుడు నీ కారుకు నాలుగూ 225/45 ఆర్17 ఉన్నాయి కదా. 225 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 45 అంటే ఆ వెడల్పులో 45 శాతం సైడ్‌వాల్ ఎత్తు, అంటే 101 మిల్లీమీటర్లు. కిందా పైనా కలిపి 202, దానికి 17 ఇంచీల రిమ్ము, అంటే 432, కలిపితే దాదాపు 634 మిల్లీమీటర్లు. ఇప్పుడు నీకు నచ్చిన 285/35 ఆర్18 లెక్క వేయి, 657 వస్తుంది. వెనక చక్రం ముందుదానికన్నా 22 మిల్లీమీటర్లకు పైగా ఎత్తు, దాదాపు మూడున్నర శాతం తేడా. కంటికి ఆ తేడా పెద్దగా ఆనదు, బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్‌కు మాత్రం వెంటనే తెలిసిపోతుంది. ఒక్కో చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో అది ప్రతి క్షణం చూస్తుంటుంది. నేరుగా పోతున్నప్పుడు కూడా వెనకవి ఎప్పుడూ నిదానంగా తిరుగుతుంటే ఏదో జారుతోందని అనుకుంటుంది.

ఇది నాకు జరిగిందే. నా పాత 3 సిరీస్‌కు కంపెనీ సైజు ముందు 225/40 ఆర్18, వెనక 255/35 ఆర్18. ఒకసారి వెనకవి అరిగిపోతే ఇక్కడ ఒక షాపులో 35 స్టాకు లేదు, 255/40 ఉందన్నారు, "వెడల్పు ఒకటే కదా సార్, తేడా రాదు" అన్నారు, సరేనన్నాను. ముందు 637, వెనక 661! ఇరవై నాలుగు మిల్లీమీటర్లు. చంద్రగిరి దాటకముందే డాష్‌బోర్డులో పసుపు రంగు హెచ్చరిక లైటు వెలిగింది, ఓవర్‌టేక్ చేద్దామని తొక్కితే పవర్ ఆగిపోయింది, వెనక లారీ. ఆ టెన్షన్ నువ్వు పడొద్దు. రెండు కొత్త టైర్లు 60 కిలోమీటర్లు కూడా తిరగకుండానే తీసేసి, చెన్నై నుంచి సరైనవి తెప్పించి వేయించుకున్నాను.

నీ కారు తయారుచేసినవాళ్లే ఈ లెక్క వేసి పెట్టారు, మామా. 17 ఇంచీల్లో నాలుగూ ఒకటే సైజు, 18లో 225/40 ముందు, 255/35 వెనక, 19లో 225/35 ముందు, 255/30 వెనక. వీటి వ్యాసాలు లెక్కేస్తే అన్నీ 634కూ 640కీ మధ్యనే వస్తాయి. పెద్ద రిమ్ము, పలచని సైడ్‌వాల్, చక్రం ఎత్తు మాత్రం దాదాపు అంతే. అందుకే నా మాట, 18 వేయించు. 19 చూడ్డానికి బాగుంటుంది, కానీ సైడ్‌వాల్ 77, 79 మిల్లీమీటర్లకు దిగుతుంది. మన వైపు రోడ్ల మీద ఉన్న స్పీడ్‌బ్రేకర్ల సంగతి నీకు చెప్పాలా? రాత్రిపూట ఒక్క గుంత చాలు, రిమ్ము వంగుతుంది.

అసలు వెనక ఎందుకు వెడల్పు? నీ కారులో ఇంజను ముందున్నా, తోసేది వెనక చక్రాలు. యాక్సిలరేటర్ తొక్కగానే బరువు వెనక్కి వాలుతుంది, 400 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే ఇంజను తిప్పే బలం, ఆ రెండు టైర్ల మీదే పడుతుంది, వాటికి పట్టు కావాలి. పోర్షే 911లో అయితే ఇంజను వెనక ఇరుసుకు కూడా వెనకే ఉంటుంది, ఇప్పటి కరేరా 235 ముందు, 295 వెనక వేసుకుని వస్తుంది, ముందు 19 ఇంచీలు, వెనక 20. 1990లో వచ్చిన హోండా ఎన్‌ఎస్‌ఎక్స్‌కు ముందు 15, వెనక 16. అలాగని స్పోర్ట్స్ కారంటే తప్పనిసరిగా ఇలాగే ఉండాలనుకోకు. మాజ్డా ఎంఎక్స్-5కు నాలుగూ ఒకటే సైజు, మలుపుల్లో ఆ కారుకున్న పేరు నీకు తెలిసిందే.

ఇంకో సంగతి ఎవరూ గట్టిగా చెప్పరు. వెనక పట్టు పెంచి ముందు పెంచకపోతే మలుపులో ముందు టైర్లే మొదట జారతాయి. నువ్వు స్టీరింగ్ ఎంత తిప్పినా ముక్కు నేరుగా పోతుంది, దాన్నే అండర్‌స్టీర్ అంటారు. కంపెనీలు కొంచెం కావాలనే అలా ఉంచుతాయి, ఎందుకంటే వెనక భాగం జారి కారు గిర్రున తిరిగితే మామూలు డ్రైవర్ కాచుకోలేడు, ముక్కు జారితే కాలు తీస్తే చాలావరకు దారికొస్తుంది. 225, 255 ఆ కొలత ప్రకారం పెట్టినవి. వెనక 285 వేసి ముందు 225 ఉంచితే ఆ కొలత పోతుంది, నువ్వు ఇష్టపడి కొన్న చురుకైన ముక్కు మొద్దుబారుతుంది. కొండ దిగేటప్పుడు బాగా తెలుస్తుంది, బ్రేకు పనీ మలుపు పనీ రెండూ ముందు టైర్ల మీదే పడతాయి. అయినా తిరుమల ఘాట్ మీద మాత్రం ఇవేవీ పరీక్షించొద్దు సామీ, దిగడానికి 40 నిమిషాలు తగ్గకూడదని నియమం ఉంది, అది మన మంచికే. అంత ముచ్చటగా ఉంటే ఒకరోజు శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకు ఇద్దరం కలిసి పోదాం.

వానలో కూడా వెడల్పు టైరు నీళ్ల మీద త్వరగా తేలుతుంది. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన రోజులు చూశాం కదా, మన దగ్గర కార్తీకం వానలు లెక్కలోకి తీసుకోవాల్సిందే.

ఇక ఆఫ్‌సెట్. నా పాత 18 ఇంచీల రిమ్ములు ఊరికే ఇస్తావా అని అడిగావు. నీకు ఇవ్వడానికి నాకేం బాధ లేదు, ఐదు బోల్టులు 120 మిల్లీమీటర్ల వలయం, మధ్య రంధ్రం 72.6, రెండు కార్లకూ ఒకటే. కానీ బోల్టులు పట్టినంత మాత్రాన రిమ్ము సరిపోయినట్టు కాదు. రిమ్ము వెనక వైపు ఈటీ అని ఆఫ్‌సెట్ అంకె ఒకటి మిల్లీమీటర్లలో పోతపోసి ఉంటుంది, అది ఎంత ఎక్కువైతే చక్రం అంత లోపలికి పోతుంది. ఉదాహరణకు 8 ఇంచీల రిమ్ము ఈటీ 30 తీసి 9 ఇంచీలది ఈటీ 40 వేశావనుకో, బయట అంచు మూడు మిల్లీమీటర్లు కూడా బయటికి రాదు, లోపలి అంచు మాత్రం 22.7 మిల్లీమీటర్లు లోపలికి వెళ్తుంది. బయట నుంచి చూస్తే అంతా బాగుందనిపిస్తుంది, లోపల టైరు సస్పెన్షన్‌కు రాసుకుంటుంటుంది. అందుకని బిగించే ముందు పిల్లలు ఆడుకునే బంకమట్టి ముద్దలు లోపల సందుల్లో అంటించి, ఒక్క చక్రం పెట్టి, జాకీతో సస్పెన్షన్‌ను పూర్తిగా పైకి నొక్కి, ముందు చక్రమైతే స్టీరింగ్ రెండు వైపులా ఆఖరిదాకా తిప్పి చూడాలి. ముద్ద ఎంత మందాన మిగిలితే నీకు అంతే ఖాళీ ఉన్నట్టు.

రోజువారీ ఇబ్బందులు కూడా తెలిసే దిగు. ముందూ వెనకా టైర్లు మార్చుకోవడం ఇక కుదరదు, వెనకవి ముందే అరుగుతాయి, అదీ లోపలి అంచు మొదట. నెలకోసారి చెయ్యి పెట్టి తడిమి చూడు. డిక్కీలో స్టెప్నీ ఎలాగూ లేదు, కాబట్టి పంక్చర్ కిట్టు, చిన్న కంప్రెసర్ పెట్టుకో. గాలి కూడా ముందుకొకటి వెనకకొకటి, డ్రైవర్ తలుపు దగ్గరున్న స్టిక్కర్ చూసి పట్టించు.

ఆ స్టిక్కర్ ఇంకో పనికీ వస్తుంది. కంపెనీ చెప్పినదానికి భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ స్టిక్కర్ మీదున్న కంపెనీ సైజుల్లోనే ఉంటే రేపు ఇన్సూరెన్స్ దగ్గర నీకు మాట పడదు. 285తో ఆ ధైర్యం ఉండదు.

కాబట్టి ఆ 285 టైర్లకు అడ్వాన్సు కట్టకు, కట్టి ఉంటే 255కు మార్పించుకో. రేపు పొద్దున కారు తీసేముందు రెండు ఫోటోలు పంపు, ఒకటి తలుపు దగ్గరి స్టిక్కర్, ఇంకోటి ఇప్పుడున్న రిమ్ము వెనక ఈటీ అంకె, దానికి చక్రం ఒకటి విప్పాలి, టార్చి వేసి తీయి. నా రిమ్ముల అంకెలు పక్కన పెట్టి లెక్క చూస్తాను. సరిపోతే వచ్చే ఆదివారం ఇక్కడికి వచ్చేయ్, పొద్దున్నే వీల్ అలైన్‌మెంట్ చేసే షాపు దగ్గర రద్దీ ఉండదు. బంకమట్టి నేను తెస్తా. అమ్మ నీకోసం రాగిసంగటి, పల్లీల చట్నీ చేస్తానంది.

నీ మామ