మూత బిగించమనే సలహా సరికాదు

సంపాదకుల వారికి,

‘గాలి లేనప్పుడే ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది’ అన్న వాక్యం పాఠ్యపుస్తకాల్లోంచి సైన్సు పేజీల్లోకి యథాతథంగా దిగుతుంటుంది. దాన్ని నమ్మి, వైన్ చేయడానికి పండ్ల రసం పోసిన సీసాకు మూత బిగిస్తే సీసా పగులుతుంది.

180 గ్రాముల గ్లూకోజ్ పులిస్తే లెక్కప్రకారం 92 గ్రాముల ఆల్కహాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ రావాలి. మాగిన ద్రాక్ష రసంలో లీటరుకు 200 గ్రాముల చక్కెర ఉంటుందనుకుందాం. అదంతా పులిసేసరికి వచ్చే వాయువు దాదాపు 50 లీటర్లు! అందుకే మూతకు వంపు గొట్టం పెట్టి, ఆ వంపులో నీళ్లు పోస్తారు. వాయువు బుడబుడమంటూ బయటికి పోతుంది, గాలి మాత్రం లోపలికి రాదు.

నిజానికి చక్కెర దండిగా ఉంటే ఈ ఈస్ట్ గాలి ఆడుతున్నా ఆల్కహాల్ చేస్తుంది. పైగా మొదటి రోజు దానికి కాస్త ఆక్సిజన్ కావాలి కూడా. కణం పైపొరకు అవసరమైన స్టెరాల్స్ అనే కొవ్వు పదార్థాలు ఆక్సిజన్ లేకుండా తయారుకావు. అవి చాలకపోతే, ఆల్కహాల్ పెరిగేకొద్దీ ఈస్ట్ నీరసించి పని మధ్యలోనే మానేస్తుంది. వేడి 35 డిగ్రీలు దాటినా అంతే. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే చాలావరకు నైట్రజన్ పోషకం తక్కువైనట్టు.

గాలికి భయపడాల్సింది చివర్లో. బుడగలు తగ్గాక రసం పైన కమ్ముకుని ఉన్న వాయువు పలచబడి, మూత తీసినప్పుడు గాలి చేరుతుంది. ఎసిటోబాక్టర్ అనే బ్యాక్టీరియా ఆ ఆక్సిజన్‌తో ఆల్కహాల్‌ను ఎసిటిక్ ఆమ్లంగా మార్చేస్తుంది. అంటే వెనిగరే. అప్పుడు పాత్రలో ఖాళీ లేకుండా మెడదాకా నింపాలి.

బుడగలు ఆగినంత మాత్రాన పులియడం పూర్తయినట్టు కాదు, చలికి ఆగి ఉండవచ్చు. నీటితో (1.000) పోల్చి రసం సాంద్రత చూపే హైడ్రోమీటర్ ముంచి చూడాలి. 1.090 దగ్గర మొదలైన రసం, చక్కెరంతా పులిసిపోతే 1.000 కంటే కిందికి దిగుతుంది, ఆల్కహాల్ నీటికన్నా తేలిక కదా. 1.020 దగ్గర నిలిచిందంటే చక్కెర ఇంకా మిగిలి ఉంది. దాన్ని అలాగే సీసాల్లో పోసి బిరడా బిగిస్తే, వెచ్చబడ్డ రోజున ఈస్ట్ మళ్లీ పని మొదలుపెడుతుంది.

— ఒక పాఠకుడు